మిరపకాయల పడవ మీద తాటాకు చాప

మా అమ్మకు కడుపులో గడ్డ లేచేనాటికి నేను మా పల్లె బడిలో పంతులమ్మగా చేరి రెండేళ్ళయింది. ఆమెను గుంటూరు ఆసుపత్రిలో చూపించాలి. బండి కుదుపులకు తట్టుకునే స్థితిలో లేదు. అందుకని కొమ్మమూరు కాలువ మీద దుగ్గిరాల దాకా పోయే మిరపకాయల పడవ ఎక్కాం. అక్కణ్ణుంచి రైలు. ఏప్రిల్ నెల. వేసవికి కాలువ నీళ్ళు కట్టేసేలోగా సరుకు చేర్చాలని షావుకారు గుమాస్తా తొందరపెడుతున్నాడు.

బస్తాలన్నిటి మీదా తాటాకు చాపలు పరిచి తాళ్ళతో బిగించారు. ముందున్న చిన్న గూడులో గుమాస్తా కూర్చున్నాడు. మమ్మల్ని వెనక చుక్కాని దగ్గర, నీడ లేనిచోట కూర్చోమన్నారు. ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగుతున్నారు. చుక్కాని పట్టిన సరంగు అరవై దాటినవాడు. నా గొడుగు చూసి తల అడ్డంగా ఊపాడు.

"పైనుంచి వచ్చే ఎండకు గొడుగు పెడతావు. నీళ్ళ మీంచి ఎగదన్నే ఎండకు ఏం పెడతావు పంతులమ్మా? మీ అమ్మ మొహానికి తడిగుడ్డ చుట్టు."

పాత చీర ముక్క కాలువలో ముంచి చుట్టాను. ఉప్పేసిన మజ్జిగ గుక్కగుక్కగా పట్టాను. మిట్టమధ్యాహ్నానికి మజ్జిగ అయిపోయింది. గుడ్డ తడిపిన కాసేపటికే ఆరిపోతోంది. చెక్క మీద ఆనించిన నా అరచెయ్యి బొబ్బలెక్కింది. వేడికి మిరప ఘాటు లేచి కళ్ళలో కొట్టింది. అమ్మకు చెమట పట్టడం ఆగిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఎప్పుడో చనిపోయిన మా నాన్నను పిలిచి, బండి కట్టమంటోంది.

ఒక్క చాప ఇప్పించమని గుమాస్తాను అడిగాను. ఎండకు కాయ రంగు పోతే షావుకారు తనను బతకనివ్వడన్నాడు. పోనీ అమ్మను గూడులో పడుకోబెడతానన్నాను. మీవాళ్ళు పడుకున్న చోట నేనెలా కూర్చోవాలన్నాడు. ఇంక అడగలేదు. సరంగు పక్కనున్న కొడవలి తీసుకుని చాప బిగించిన తాడు కోశాను.

గుమాస్తా బస్తాల మీదుగా వచ్చి నా జడ పట్టి లాగాడు. చెంప మీద రెండు దెబ్బలు కొట్టాడు. మూడోసారి చెయ్యెత్తినప్పుడు కొడవలితో వేశాను. అతని ముంజేయి తెగింది. నెత్తురు చూసినా నాకు భయం వెయ్యలేదు. ఇంకో వేటు వెయ్యాలనిపించింది. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. అతను నా పీక పట్టుకుని బస్తాలకేసి అదిమాడు. ఊపిరాడక కాళ్ళు కొట్టుకున్నాను. సరంగు చుక్కాని వదిలేసి, గెడ ఎత్తి అతని వీపున మోదాడు. గుమాస్తా కాలువలో పడ్డాడు. పడవ అడ్డం తిరిగి గట్టుకు గుద్దుకుంది.

అతనికి ఈత రాదు. తాడు లాగేవాళ్ళు దూకి జుట్టు పట్టి గట్టుకు ఈడ్చారు. సరంగు అటు చూడలేదు. గెడల మధ్య చాప కట్టి, అమ్మను దాని కింద పడుకోబెట్టి, బకెట్టు నా చేతికిచ్చాడు.

"మెడ మీద, చంకల్లో పొయ్యి. ఆపబాక. ఆపితే పోయిద్ది."

చేతులు పడిపోయేదాకా పోశాను. పొద్దు వాలాక అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది.

గుమాస్తా చేతికి తువ్వాలు చుట్టుకుని పడవెక్కాడు. దుగ్గిరాల్లో పోలీసులకు చెప్తానన్నాడు. చాప ఎందుకివ్వలేదో కూడా చెప్పమన్నాడు సరంగు. రేవులో దిగాక గుమాస్తా ఎవరికీ ఏమీ చెప్పలేదు. షావుకారు మాత్రం సరంగును పనిలోంచి తీసేశాడు.

అమ్మకు ఆపరేషన్ జరిగింది. మరో పదకొండేళ్ళు బతికింది. ఆపరేషన్ అయిన ఏడాదే, వానలు పడ్డాక సరంగును వెతుక్కుంటూ చీరాల వైపు వెళ్ళాను. సముద్రం ఒడ్డున చేపల బుట్టలు మోస్తున్నాడు. నా మూలంగా మీ పని పోయిందని బాధపడ్డాను.

ఆయన బుట్ట దించాడు. "నీకోసం కొట్టలేదమ్మా. వాణ్ణి కొట్టాలని నాకు చాన్నాళ్ళుగా ఉంది," అన్నాడు.