పులిసిన టీ మాస్టారు

మా గుణదల అపార్ట్‌మెంటులో ఎవరు ఎదురుపడినా అచ్యుతరామారావు మాస్టారు ముందు చూసేది మొహం కాదు, పొట్ట. "కాస్త వచ్చిందండీ" అని తేల్చి, పులిసిన టీ గ్లాసు చేతిలో పెడతారు. ఈ వేసవి నుంచీ ఆయనకిదే జబ్బు.

ఆవకాయ జాడీలో పంచదార వేసిన టీ డికాక్షను పోసి, తోడు వేసి, వాసెన కట్టి పదిరోజులు పులియబెడతారు. రుచి అడక్కండి. తరవాణిలో టీపొడి కలిపినట్టుంటుంది.

"దీంతో నిజంగా సన్నబడతారా మాస్టారూ?" అన్నాను.

"ఎలుకలు తగ్గాయండీ! ప్రయోగాలు చేశారు."

"మరి మనుషులో?"

"వాళ్ల సంగతి ఇంకా తేలలేదు. మీరు తాగండి, తేలుద్దాం."

వెదురుబద్దలాంటి వాచ్‌మన్ తిరుపతిరావునీ వదల్లేదు. "నాకు పొట్టెక్కడుందండీ బాబూ!" అని అతను చొక్కా ఎత్తి చూపించాడు. "లోపల దాక్కుందయ్యా, అదే ప్రమాదం" అని రెండు గ్లాసులు పట్టించారు. ఆ రోజంతా తిరుపతిరావు త్రేనుస్తూనే గేటు తీశాడు.

అంతమందికి పోసే మనిషి, రెండో అంతస్తు శాలినికి మాత్రం చుక్క ఇవ్వలేదు. తొమ్మిదో తరగతి పిల్ల, కాస్త బొద్దు, కూచిపూడి అంటే ప్రాణం. వేసవిలో మెట్ల దగ్గర "స్టేజీ గట్టిగా వేయించాలమ్మోయ్!" అన్నాను, సరదాకే. ఆ రోజే గజ్జెలు మూలన పడేసింది. అన్నం సగం వదిలేస్తోందనీ, చవితి పందిట్లో ఆడనంటే ఆడనంటోందనీ వాళ్లమ్మ జ్ఞానేశ్వరి గారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"ఇవ్వాల్సిన పిల్లకే ఇవ్వరేం మాస్టారూ?" అని అడిగేశాను.

ఆయన గొంతు తగ్గించారు. "ఎదిగే పిల్లండీ, ఆ ఒంటికి ఏ లోటూ లేదు. మీరా మాటన్న మర్నాడే అటక మీంచి జాడీ దించి ఈ టీ మొదలెట్టాను. అందరికీ పొట్టలున్నాయని నేను చాటుతుంటే ఆ ఒక్కదాన్నే ఎవరు చూస్తారు చెప్పండి?"

సిగ్గుతో చచ్చిపోయాను. చేతిలో గ్లాసు గటగటా తాగేసి, తిన్నగా రెండో అంతస్తుకి దిగాను.

"తప్పయిపోయిందమ్మా" అన్నాను.

శాలిని నన్ను కిందికీ పైకీ చూసింది. "మీకూ పొట్టుందటగా అంకుల్? మాస్టారు చెప్పారు."

"ఉందమ్మా. చాలా ఉంది."

పిల్ల ఫక్కున నవ్వింది. ఎన్నాళ్లకో!

చవితి పందిట్లో అరగంటసేపు ఆడింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. చెమటలు కక్కుతూ దిగిన పిల్లని మాస్టారు ఎగాదిగా చూసి, జ్ఞానేశ్వరి గారిని కేకేశారు.

"పిల్ల చిక్కిపోయిందండీ! ముందు నాలుగు ఉండ్రాళ్లు పెట్టండి."