పడుకోబెట్టి చూసిన బండి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు నిద్రలేచేది మా తాతయ్య అనుమానం. ఎరువుల కొట్టాయన నవ్వుతూ పలకరిస్తే ఎందుకు నవ్వాడని అనుమానం, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అనుమానం. ఊరికే వచ్చిన చుట్టం భోంచేసి వెళ్ళిపోతే, అసలు పని చెప్పకుండానే వెళ్ళాడేమిటని రెండు రోజులు ఆలోచించేవాడు. ఆ రక్తమే నాలోనూ ఉంది కాబట్టి ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

ఆ గుణం ఆయనకు ఒక ఎద్దు వల్ల వచ్చిందని మా నాయనమ్మ చెప్పేది. మా వాళ్ళు కృష్ణా వైపు నుంచి పొలాలు వెతుక్కుంటూ వచ్చి దమ్మపేట దగ్గర స్థిరపడ్డవాళ్ళు. వచ్చిన కొత్తలో తాతయ్య సంతలో ఒక ఎద్దును కొన్నాడట. నిగనిగలాడే ఒళ్ళు, ఎత్తయిన మూపురం, చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారట. ఇంటికి వచ్చి హాయిగా పడుకుంది. తెల్లారి లేవలేకపోయింది. వెనక కాళ్ళలో ఏదో పాత దెబ్బ ఉందని అప్పుడు బయటపడింది. ఆ ఏడు దుక్కి సాగక నానా అవస్థ పడ్డారు. అప్పటి నుంచి ఎంత మంచి ఎద్దయినా సరే, తాడు వేసి నేల మీద పడుకోబెట్టించి, అది తనంతట తాను ఎలా లేస్తుందో చూశాకే తాతయ్య మాట ఇచ్చేవాడు. "నుంచున్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయి" అనేవాడు. సంతలో ఆయన్ని చూడగానే ఎద్దుల వాళ్ళు తాళ్ళు వెతుక్కునేవారట.

అలాంటి మనిషి మా బాబాయికి మోటారు సైకిలు కొనవలసి వచ్చింది.

మా నాన్న తమ్ముడు అప్పటికి కొత్తగా మేష్టరయ్యాడు. బడి ఏమో అడవిలో కోయగూడెంలో. చండ్రుగొండ దారిలో బస్సు దిగి, అక్కడి నుంచి రెండు వాగులు దాటుకుంటూ నడవాలి. వెళ్ళేది బస్సు వచ్చిన వేళకి, తిరిగొచ్చేది బస్సు దయ తలచిన వేళకి. మొదటి వానాకాలమే చలిజ్వరం పట్టుకుంది. తగ్గడం, మళ్ళీ రావడం, మనిషి సగమైపోయాడు. అయినా బడి మానలేదు. ఆ పిల్లలంటే ఆయనకు ప్రాణం. సెలవు రోజున కూడా వాళ్ళ కబుర్లే చెప్పేవాడు. ఆ కబుర్ల కోసం నేను ఆయన మంచం పక్కనే కూర్చునేదాన్ని.

చివరికి నాయనమ్మ తేల్చి చెప్పేసింది. వేసవి సెలవులు అయిపోయేలోపు బండి దొరికితే సరే, లేకపోతే ఆ ఉద్యోగం మానేసి పొలం చూసుకోవాలి. తాతయ్యకు మొదటి నుంచీ బాబాయి పొలంలోనే ఉండాలని కోరిక. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. అందుకని, బండి ఎంపిక నేనే చేస్తానని తాతయ్య కండువా వేసుకుని బయల్దేరేసరికి బాబాయి ముఖం చూడాలి. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

మా అనుమానం బలపడటానికి ఎన్నాళ్ళో పట్టలేదు. సత్తుపల్లిలో చూసిన మొదటి బండి కొత్త రంగుతో మెరిసిపోతుంటే, పాత బండికి కొత్త రంగు ఎందుకేశాడు, ఏదో కప్పిపెట్టడానికే అని వద్దన్నాడు. రెండోదానికి రంగు వెలిసిపోయి ఉంటే, రంగైనా వేయించని మనిషి లోపల ఏం బాగుచేయించి ఉంటాడని వద్దన్నాడు. ఖమ్మంలో ఇంకొకటి చూడబోతే, ఎద్దు ఒళ్ళు తడిమే అలవాటుతో ఇంజను మీద చెయ్యి వేసి వేళ్ళు కాల్చుకున్నాడు. మనం రాకముందే బండిని ఎందుకు వేడెక్కించి ఉంచాడు, చల్లగా ఉంటే అది కదలదన్నమాట అంటూ, వేళ్ళు ఊదుకుంటూ బస్టాండుకు నడిచాడు. ఆ ఒక్కచోట ఆయన అన్నది నిజమై ఉండవచ్చని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం బాబాయి ఆ రాత్రి అన్నం తినలేదు. "నాన్న కొననివ్వడే, ఊరికే తిప్పుతున్నాడు" అని నాతో మెల్లగా అన్నాడు.

సెలవులు అయిపోవచ్చాయి. భద్రాచలంలో ఒక కలప కాంట్రాక్టరు బండి అమ్ముతున్నాడని కబురొచ్చింది. నేనూ వస్తానని పేచీ పెట్టాను. రాముణ్ణి చూడటానికని అందరూ అనుకున్నారు గానీ నా ఉద్దేశం వేరు. తాతయ్య ఈసారి ఏం వంక పెడతాడో నా కళ్ళతో చూసి, నాయనమ్మకు చెప్పాలని. ఎర్ర బస్సులో తాతయ్య, బాబాయి ఎడముఖం పెడముఖంగా కూర్చున్నారు. మధ్యలో నేను. గోదావరి వంతెన వచ్చాక నేను నది వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను. బండి దొరకాలని.

కాంట్రాక్టరు నిండుగా నవ్వే మనిషి. కలప డిపో ముందు బల్ల వేయించి, "రాండ్రి పెద్దాయనా, కూసోండ్రి. చాయ్ తాగుతరా, సోడా తాగుతరా? పాపకు బిస్కిట్లు తెప్పిస్త" అని హడావుడి చేశాడు. ఆయన ఎంత మర్యాద చేస్తే తాతయ్య ముఖం అంత ముడుచుకుపోతోంది. ఇక పనైపోయిందనుకున్నాను. బిస్కట్లు మాత్రం తిన్నాను.

బండిని బయటికి తెచ్చారు. నల్లటి పెద్ద బండి. స్టార్టు చేస్తే డిపోలో పేర్చిన దుంగల మధ్య ఆ చప్పుడు తిరిగి తిరిగి వినిపించింది. బాబాయి ఎక్కి కూర్చున్నాడు. జ్వరం తరవాత ఆయన ముఖంలో అంత వెలుగు చూడటం అదే మొదటిసారి. కాళ్ళ వేళ్ళు మాత్రమే నేలకు ఆనుతున్నాయని నేను చూశాను. కానీ ఆ నవ్వు ముందు అదొక లెక్కా అనుకున్నాను. ఆయనకు స్నేహితుడి బండి మీద రెండు మూడుసార్లు వీధి చివరిదాకా వెళ్ళిన అనుభవమే తప్ప అంతకుమించి ఏమీ రాదు. ఆ మాట అడిగినవాళ్ళూ లేరు, ఆయనగా చెప్పిందీ లేదు.

తాతయ్య తన పరీక్ష మొదలుపెట్టాడు. గోదావరి వరదలో మునిగిన బండేమోనని సీటు కింద వేలు పెట్టి ఒండ్రు మట్టి కోసం గీకాడు. మట్టి లేదు. ఇంజను తడిమాడు, ఈసారి కండువా అడ్డం పెట్టుకుని. తోసుకుంటూ తెచ్చిన బండి మొదటి తన్నుకే స్టార్టయిందని అప్పటికే చూశాం. ఎందుకు అమ్ముతున్నావని అడిగాడు. జీపు కొనుక్కున్నానని కాంట్రాక్టరు చెట్టు కింద ఉన్న జీపు చూపించాడు. వంక పెట్టడానికి ఎక్కడా సందు దొరకలేదు. బాబాయి నా వైపు చూసి కన్నుగీటాడు.

అప్పుడు తాతయ్య, "ఓసారి దాన్ని పడుకోబెట్టండి" అన్నాడు.

"పడుకోబెట్టుడేంది పెద్దాయనా?" కాంట్రాక్టరు నవ్వు ఆగిపోయింది.

"నేల మీద. పక్కకి. ఆ రంపపు పొట్టు మీద పడుకోబెడితే గీతలు పడవులే."

డిపోలో పనివాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. బాబాయికి సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది. మా తాతయ్య మోటారు సైకిలుకు ఎద్దు బేరం ఆడుతున్నాడు. కాంట్రాక్టరు పెద్దమనిషి తరహా చూపించి సరేనన్నాడు. నలుగురు పట్టి ఆ నల్ల బండిని పొట్టు మీద పక్కకు పడుకోబెట్టారు. తాతయ్య చేతులు వెనక్కి కట్టుకుని, నాలుగడుగులు వెనక్కి జరిగి, సంతలో నిలబడినట్టే నిలబడి చూడసాగాడు.

"దానంతట అదే లేస్తదా ఏంది?" అని పనివాళ్ళలో ఒకడు అనేసరికి అందరూ గొల్లుమన్నారు.

తాతయ్య నవ్వలేదు. బాబాయి వైపు తిరిగి, "లేపరా" అన్నాడు.

బాబాయి హ్యాండిలు పట్టుకుని లాగాడు. బండి కదల్లేదు. సీటు కింద చేతులు వేసి లాగాడు. కాస్త లేచి మళ్ళీ కూలబడింది. పనివాళ్ళు సాయానికి రాబోతే, "ఎవరూ పట్టకండి" అని తాతయ్య గట్టిగా అన్నాడు. కాంట్రాక్టరుకు జాలేసింది కాబోలు, తనే దగ్గరకు వచ్చాడు. "గట్ల కాదు సార్, నడుము పోతది. బండికి వీపు పెట్టి కూసోండ్రి. కాళ్ళతోని లేపాలె" అని నేర్పించాడు. బాబాయి అలాగే వీపు ఆనించి లేవబోయాడు. సగందాకా లేచింది. మోకాళ్ళు గడగడ వణికాయి. పాదాలు పొట్టులో జారిపోయి బండి మళ్ళీ పడుకుంది. ఆయన దాని పక్కనే చతికిలబడి రొప్పుతుంటే, చొక్కా వెనక ఎముకలు కనిపించాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు కోపమూ వచ్చింది. "తాతయ్యకి బండి కొనడం ఇష్టం లేదు, అందుకే ఇదంతా" అని అందరి ముందూ అరిచేశాను. మా ఇంట్లో ఆడపిల్ల తాతయ్యను ఎదిరించడం అదే మొదలు. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను.

దెబ్బ పడలేదు. "ఇష్టం లేని మాట నిజమేనే" అన్నాడు తాతయ్య. "ఇష్టం లేకపోతే ఇంట్లోనే వద్దనేవాణ్ణి. ఊరూరా తిరిగేవాణ్ణా? వీడు ఆ వాగుల్లో పడితే పట్టడానికి నలుగురు ఉంటారటే? ఉండేది వీడొక్కడే." తరవాత బాబాయి వైపు చూడకుండా, కాంట్రాక్టరును అడిగాడు. "ఇంతకంటే చిన్నది ఏదైనా ఉందా?"

డిపో పాక మూలన గుమాస్తా వాడే చిన్న బండి ఉంది. బక్కగా, వెలిసిపోయిన రంగుతో, పెద్ద బండి పక్కన పెడితే చూడబుద్ధి కాదు. దాన్నీ పడుకోబెట్టించాడు. బాబాయి మొదట కదల్లేదు. అవమానంతో ఆయన దవడ బిగుసుకుపోయింది. నేను వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను. లేచి, కాంట్రాక్టరు నేర్పినట్టే వీపు ఆనించి, కాళ్ళతో తోశాడు. బండి నిలబడింది. ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాయి. తాతయ్య మళ్ళీ పడుకోబెట్టమన్నాడు. మళ్ళీ లేపాడు. మూడోసారి పడుకోబెట్టమనబోతే, "చాల్లే నాన్నా" అని విసుక్కున్నాడు. ఆ విసుగులో సగం నవ్వుంది. చిన్న బండి అమ్మే ఉద్దేశం కాంట్రాక్టరుకు లేదు. అయినా మేష్టరు ఉద్యోగం సంగతి విని ఒప్పుకుని, కలప లారీలో మా ఊరికి పంపించాడు. ఆయన మర్యాదలో మోసమేమీ లేదు. వంక బండిలోనో అమ్మేవాడిలోనో ఉంటుందని ఊళ్ళు తిరిగాం గానీ, ఎక్కేవాడి బలమెంతో చూసుకోవాలని మాకు తోచనే లేదు.

ఊళ్ళో కొందరు ఆ బండిని చూసి మేకపిల్ల అన్నారు. కోత కోసిన పొలంలో బాబాయి దాని మీద నేర్చుకుంటుంటే, పక్కనే తాతయ్య చేతిలో కర్రతో పరుగెత్తేవాడు. ఆ కర్ర బండి కోసమో కొడుకు కోసమో ఎవరికీ తెలియదు.

ఆ వానాకాలం పంద్రాగస్టుకు బాబాయి నన్ను తన బడికి తీసుకెళ్ళాడు. రెండో వాగులో నీళ్ళు చీలమండ లోతే ఉన్నాయి. రాళ్ళ మీద పాచి కనిపించలేదు. ముందు చక్రం జారడం, ఆకాశం పక్కకు ఒరగడం, అంతే తెలుసు నాకు. తేరుకుని చూసుకుంటే నా ఎడమకాలు బండి కింద ఉంది. నీళ్ళు నా మెడ పక్క నుంచి పారుతున్నాయి. తల ఎత్తి ఉంచడానికి మోచేతులు ఆనించి పెనుగులాడుతున్నాను. చుట్టూ చెట్లు తప్ప మనిషి అలికిడి లేదు. పైన ఎక్కడో వాన పడుతున్నట్టుంది, నీళ్ళు ఎర్రబారి పెరుగుతున్నాయి. బాబాయి మోచేయి చీరుకుపోయి రక్తం కారుతోంది. ఆయన అరవలేదు, ఎవరినీ పిలవలేదు. బండికి వీపు ఆనించి కూర్చుని, రాళ్ళ సందుల్లో పాదాలు తన్నిపెట్టి లేచాడు. ఆయనతో పాటు బండి లేచింది. నేను కాలు లాక్కున్నాను.

ఆ క్షణంలో నాకు ఆ నల్ల బండి గుర్తొచ్చింది. పొట్టు మీద సగందాకా లేచి మళ్ళీ పడిపోవడం గుర్తొచ్చింది. అప్పుడు నాకు భయమేసింది. పడినప్పుడు కూడా అంత భయం వేయలేదు.

ఇంటికొచ్చాక నాయనమ్మ శోకాలు పెడుతుంటే, తాతయ్య నా కాలి కట్టు చూశాడు, బాబాయి మోచేయి చూశాడు. "ఒక్కడివే లేపావా?" అని అడిగాడు. బాబాయి తలూపాడు. తాతయ్య ఎద్దుల కొట్టంలోకి వెళ్ళిపోయి, చాలాసేపు అక్కడే ఉన్నాడు. బాబాయి ఆ బడిలోనే ఏళ్ళ తరబడి పనిచేశాడు.

నాకు మాత్రం ఒక అనుమానం మిగిలిపోయింది. ఆ రోజు తాతయ్య అంతా ఆలోచించే బండిని పడుకోబెట్టమన్నాడా? లేక ఎద్దు అలవాటు కొద్దీ పడుకోబెట్టమని, అది లేవకపోయేసరికి తోచిన మాట అన్నాడా? పెద్దదాన్నయ్యాక ఒకసారి అడిగేశాను. "పడుకోబెట్టి చూడకుండా ఎవరు కొంటారే?" అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు. అంతకుమించి రాబట్టలేకపోయాను.

మొన్న మా మనవరాలికి ఉద్యోగం వచ్చి, మొదటి బండి కొనుక్కుంటానంటే ఖమ్మంలో షోరూముకు నేనూ వెళ్ళాను. గాజు అద్దాల గది, చల్లటి గాలి, చేతులు కట్టుకుని వివరించే కుర్రాడు. అది ఎంత ఇస్తుంది, ఇది ఎంత లాగుతుంది అని అతను చెబుతుంటే నేను బండెక్కి కూర్చున్న మా పిల్ల పాదాలు నేలకు ఆనుతున్నాయో లేదో చూస్తున్నాను. చీర కింద నా ఎడమ చీలమండ మీద మచ్చ అలాగే ఉంది. అంతా విన్నాక, "ఓసారి దాన్ని పడుకోబెట్టు నాయనా, మా పిల్ల లేపుతుంది" అన్నాను.

మనవరాలు సిగ్గుతో తల పట్టుకుంది. ఆ కుర్రాడు నన్ను ఎగాదిగా అనుమానంగా చూశాడు. చూడనీ అనుకుని, నాలుగడుగులు వెనక్కి జరిగి చేతులు వెనక్కి కట్టుకున్నాను.