ఓబులేసు కోసం ఉపవాసాలు

ఆళ్ళగడ్డలో నా మాట నమ్మేవాళ్ళు లేరు. రుద్రవరం అడవిలో చిరుతపులి నా బీడీ వాసనకు తుమ్మిందనీ, బెలుం బిలంలో దూరి తాడిపత్రి దగ్గర బయటికొచ్చాననీ చెబితే నవ్వి, ఇంకోటి చెప్పమంటారు. అది నాకు బరువు కాదు. బరువేమిటంటే, నంద్యాలలో ఒకామె నన్ను నమ్మింది. ఆ నమ్మకాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. మీకు నేనెవరో తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

డెబ్బైల చివర్లో నంద్యాల పత్తి మిల్లులో గుమాస్తా పని దొరికింది. ఇల్లు మాత్రం దొరకలేదు. పెండ్లి కానివాడికి ఎవరిస్తారు? వరండాలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ముందు కులం అడిగేవారు. తర్వాత, ఇంట్లోవాళ్ళు ఎప్పుడొస్తారని అడిగేవారు. ఎవరూ లేరంటే చెంబు తీసుకుని లోపలికి పోయేవారు. మిల్లు గోడౌనులో పత్తి బేళ్ళ మీద పడుకునేవాణ్ణి. పొద్దున లేస్తే ముక్కుల్లో దూది, శవానికి పెట్టినట్టు. ఊళ్ళో పలకరించే మనిషి లేడు. కథలు చెబుదామన్నా వినడానికి బేళ్ళే.

రూతమ్మక్క బడిలో టీచరు. ఆమె ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందని తెలిసి పోయాను. ఇంట్లోవాళ్ళు ఎప్పుడొస్తారని ఆమె కూడా అడిగింది. నా నోరు ఊరుకోలేదు. పెండ్లాం ఆళ్ళగడ్డలో పుట్టింట్లో ఉంది, నెలలు నిండుతున్నాయి అన్నాను. ఆమె ముఖం మెత్తబడింది. తాళం చెవి ఇచ్చింది. ఆ పూట చారు కూడా పంపింది.

ఇక నాకు పండగే. లేని పెండ్లాన్ని రోజుకింత తయారు చేశాను. బల్లిని చూస్తే మంచం ఎక్కుతుందన్నాను. కోపమొస్తే కూరలో ఉప్పు వేయదన్నాను. వీధిలో మగవాళ్ళంతా నా అరుగు దగ్గరికి చేరేవారు. పక్కింటి మాబు మా మిల్లులోనే ఫిట్టరు. వాడొక్కడే కన్ను చికిలించేవాడు.

"ఏందప్పా, నీ పెండ్లాము ఫోటోలో గూడా పడదా?" అనేవాడు.

నేనూ నవ్వి, ఇంకో ముచ్చట ఎత్తుకునేవాణ్ణి.

నెలలు నిండాలి కదా, బిడ్డ పుట్టాడు. మూడో నెల దాటింది, ఐదో నెల దాటింది, తల్లీబిడ్డా ఎందుకు రారు? బిడ్డకు ఊపిరి సరిగా ఆడదు, ప్రయాణం వద్దన్నారు అని చెప్పాను. రూతమ్మక్క పేరు అడిగింది. అహోబిలం పక్కవాణ్ణి, నోటికొచ్చింది ఆ దేవుడి పేరే, ఓబులేసు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఆ ఇంట్లో ఉపవాస ప్రార్థన. వీధిలో ఎవరికి జబ్బు చేసినా ఆమె దగ్గరికే వచ్చేవారు, ఆమె ప్రార్థన ఫలిస్తుందని పేరు. బడి నుంచి వచ్చి, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, చాప మీద మోకరించేది. చుట్టూ ఇంకొందరు ఆడవాళ్ళు. నేను గోడకివతల పడుకుని వినేవాణ్ణి. "ప్రభువా, ఓబులేసును ముట్టు. వాని రొమ్ము మీద నీ చెయ్యి పెట్టు." ఏడ్చేవాళ్ళు. మొదటిసారి నవ్వు ఆపుకోవడానికి దుప్పటి కొరికాను. రెండోసారి నవ్వు రాలేదు. ఆ తర్వాత శుక్రవారాలు రాత్రి పొద్దుపోయేదాకా మిల్లులోనే ఉండిపోయేవాణ్ణి. అప్పుడే ఎందుకు చెప్పలేదు? అడగండి. నేనూ అడుగుతూనే ఉన్నాను.

ఒకనాడు ఆమె అంది, ఆదివారం ఆరాధన అయినాక తానూ, భర్తా నాతో ఆళ్ళగడ్డకు వస్తామని. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయాలట.

ముందుగా ఇంట్లో చెప్పి వస్తానని శనివారం బస్సెక్కి ఆళ్ళగడ్డ పోయాను. బస్టాండులో కూర్చుని, టీ మీద టీ తాగుతూ, ఎవరి బిడ్డనైనా కొంతసేపు అడుక్కుందామా అని కూడా ఆలోచించాను. చంకలో పిల్లలున్న ఆడవాళ్ళను ఎగాదిగా చూస్తుంటే ఒకామె చెప్పు చూపించింది. బిడ్డను తేలేను. ఇంకేం చేయాలి? పసిబిడ్డలను మావాళ్ళు ఆ పూటే పూడ్చేస్తారు. దినాలూ, భోజనాలూ ఉండవు. ఎవరూ రానక్కరలేదు. అంత చల్లగా లెక్కవేసుకున్నాను.

ఆదివారం నేను వచ్చేసరికి వాళ్ళు చర్చి నుంచి వచ్చి, గేటు దగ్గర సంచితో సిద్ధంగా ఉన్నారు. సంచిలో బిడ్డకు గౌను, కొబ్బరినూనె సీసా.

"బిడ్డ పోయినాడక్కా. నిన్ననే పూడ్చిపెట్టినాము."

ఆమె మెట్టు మీద కూలబడింది. భర్త సంచి తీసుకుని లోపలికి పోయాడు. ఆమె తల ఎత్తకుండానే అంది.

"తప్పు నాదే అప్పా. మొన్న శుక్రవారం కండ్లు తిరుగుతాంటే తట్టుకోలేక లోటాడు కాఫీ తాగినా. ఎవురికీ చెప్పలా. తాగి, మళ్ళా వచ్చి అందరి ముందర మోకాళ్ళ మీద కూచున్నా. దేవునికి తెల్వదా?"

"అట్లనొద్దక్కా."

"నా మూలాన పాయె నీ బిడ్డ. నన్ను క్షమిస్తావా?"

నిజం నాలుక మీదికొచ్చింది. చెబితే గది పోతుంది, మాబు పోతాడు, అరుగు మీది మనుషులు పోతారు, మళ్ళీ దూది బేళ్ళే. అందుకేనా మింగాను? అది సగం. మిగతా సగం చెప్పడానికే ఇన్నేళ్ళు పట్టింది. నేను అల్లిన బిడ్డ కోసం ఒక మనిషి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తుంటే, భయం అడుగున ఎక్కడో, నాకు గర్వంగా అనిపించింది. ఏ కథా అంతగా పండలేదు.

"క్షమించినాలే అక్కా," అన్నాను.

బిడ్డను చంపడం కాదు నా తప్పు. లేని బిడ్డను ఎవరు చంపగలరు? ఆమెను క్షమించాను. అదే నా తప్పు.

ఆ రోజు నుంచి మాబు ఎగతాళి మానేశాడు. రోజూ వచ్చి నా పక్కన కూర్చునేవాడు. అంతకు ముందూ తర్వాతా నాకు అలాంటి స్నేహితుడు లేడు. కొన్నాళ్ళకు ఒకామె జ్వరంతో మూలుగుతున్న బిడ్డను ఎత్తుకుని రూతమ్మక్క గడప దగ్గరికి వచ్చింది. నేను అరుగు మీదే ఉన్నాను.

"ఇంకెవురినన్నా అడుగుపోమ్మా. నా మాట పైకి పోదు," అంది రూతమ్మక్క.

అప్పుడూ నోరు తెరవలేదు. ఆ చాప మళ్ళీ పరవడం నేను చూడలేదు.

ఏడాది తిరగకముందే పని మాని ఆళ్ళగడ్డకు వచ్చేసి, పెండ్లి చేసుకున్నాను. నంద్యాలవాళ్ళ దృష్టిలో అది రెండో పెండ్లి; మొదటామె బిడ్డ దిగులుతో కాపురానికి రాలేదని చెప్పి వచ్చాను మరి. కొడుకు పుడితే మా అత్త ఓబులేసు అని పెడదామంది. వద్దని కేకలేశాను. ఎందుకో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

రూతమ్మక్క ఇంకా ఉంది. మొన్న మాబు కనిపించి చెప్పాడు: చర్చికి పోతుందట గానీ, వెనక కూర్చుని, నోరు విప్పకుండా వచ్చేస్తుందట. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. పోలేదు. పోతానని మీకు మాట ఇవ్వను, నా మాట సంగతి మీకు తెలిసిపోయింది. చెబితే ఆమెకు మేలు జరుగుతుందా, ఇంకా గుండెకోతే మిగులుతుందా? ఈ అనుమానం కూడా తప్పించుకోవడానికి నేను అల్లిందేనేమో.

ఆ కాఫీ వల్ల ఎవరూ చావలేదు. ఓబులేసు అనే బిడ్డ పుట్టనే లేదు. ఈ రెండు మాటలూ ఇప్పటిదాకా ఎవరి ముందూ అనలేదు. రాశాక ఒకసారి పైకి చదువుకున్నాను. మొదటిసారి, కొత్తగా ఏదీ అల్లి చేర్చాలనిపించలేదు.