ఏడుపుల టీచరమ్మ రాజీనామా

మా కోడలిని బడిలో అందరూ ఏడుపుల టీచరమ్మ అంటారు. ఆమె ఏడుస్తుందని కాదు, ఏడ్చేవాళ్ళందరినీ ఆమె దగ్గరికే పంపుతారని. పదకొండేళ్ళుగా అదే ఆనవాయితీ. లెక్కల మాస్టారు తన తరగతిలో ఎవరైనా కళ్ళు నులుముకుంటే చాలు, సుద్దముక్కతో గుమ్మం చూపించేవాడు: నాలుగో గదికి పో. అక్కడ మా కోడలు పాఠం ఆపి, ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, చేతిరుమాలుతో మొహం తుడిచి, నవ్వించి పంపాలి. పిల్లల వెనక తల్లులు, తల్లుల వెనక తోటి టీచర్లు. సాయంత్రానికి మా పెరట్లో తీగ మీద నలభై రుమాళ్ళు ఆరేవి. వాటి ఉప్పు రాల్చుకుని ఏడాదిపాటు కూరలు వండుకున్నాం. మా ఆవిడ ఒప్పుకోదు, మీరు నమ్మండి.

టీచరంటే తల్లి లాంటిది కదా అని అందరూ ఆమె నోరు మూయించేవారు. ఇంటికొచ్చేసరికి ఆ మొహంలో నవ్వు మిగిలేది కాదు. ఒకరోజు కూతురు బొమ్మ వేసి చూపిస్తే, బాగుంది అనేసింది.

"అమ్మా, కాగితం తిరగేసి ఉంది" అంది పిల్ల.

పిల్లలకు పాఠం చెప్పడమంటే మా కోడలికి ప్రాణం. అయినా ఆ రోజే కూర్చుని రాజీనామా రాసేసింది.

మర్నాడు ఆ కాగితం పట్టుకుని హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళింది. ఆవిడ అప్పుడే ఫోన్లో పైవాళ్ళ చేత చివాట్లు తిని, మనిషి కనపడగానే బావురుమంది. కుర్చీలు నీళ్ళలో తేలాయంటారు, నేను చూడలేదు. మా కోడలి రుమాళ్ళన్నీ అప్పటికే తడిసిపోయాయి. అలవాటుపడ్డ చెయ్యి ఊరుకోక, ఉన్నదేదో అందించింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంది, ముక్కూ చీదింది.

"ఇదేంటమ్మా, ఇంత గరుగ్గా ఉంది?"

"నా రాజీనామా మేడమ్."

ఆవిడ కాగితం విప్పి, అలుక్కుపోయిన సిరా వంక చూసింది. ముందు ఎవరు నవ్వారో తెలీదు గానీ, ఇద్దరూ బల్ల పట్టుకుని నవ్వారట. నవ్వు తగ్గాక ఆవిడ మెల్లగా అడిగింది.

"నీకేమైందో చెప్పు తల్లీ."

పదకొండేళ్ళలో ఎవరూ అడగని మాట. మా కోడలు గంటన్నర చెప్పింది.

మర్నాటి నుంచి ఎవరి తరగతి ఏడుపు వాళ్ళే చూసుకోవాలని హుకుం జారీ అయింది. లెక్కల మాస్టారు మొదట ఏడ్చిన పిల్ల వీపును బల్ల దుమ్ము దులిపినట్టు తట్టాడు. ఏడుస్తున్న పిల్ల కాస్తా కిసుక్కున నవ్వింది. ఆయన అదంతా తన గొప్పే అనుకుంటున్నాడు.

రాజీనామా మళ్ళీ రాయలేదు. నిన్న సాయంత్రం నేను నా మోకాలి నొప్పి సంగతి ఎత్తబోతే, మా కోడలు కాళ్ళు చాపుకుని హాయిగా అంది:

"మామయ్యా, ఇవాళ వినే వంతు మీ అబ్బాయిది."

మావాడు బుద్ధిగా వచ్చి కూర్చున్నాడు. ఎడమ మోకాలు పూర్తికాకముందే గురకపెట్టాడు.