గుర్తింపు రాని బడి

మొన్న మా మనవరాలు మసాజ్ థెరపీ నేర్చుకుంటానని, తార్నాకలో ఒక శిక్షణా కేంద్రం చూసొద్దాం రమ్మని నన్ను వెంటబెట్టుకుపోయింది. కుర్చీలో సరిగా కూర్చోకముందే అక్కడి పెద్దమనిషిని అది అడిగిన మొదటి మాట, "మీకు గవర్నమెంట్ గుర్తింపు ఉన్నదా సార్?" అని. ఆయన గోడకున్న కాగితం చూపించాడు. పిల్ల దగ్గరికి పోయి చదువుతుంటే నేనూ లేచి దాని వెనక నిలబడ్డాను. ఎప్పుడో పోయిన మా వదిన నా వెనకే నిలబడి తానూ ఆ కాగితం చదువుతున్నట్లనిపించింది.

నా ఈడు వాళ్లకు ఆనాటి తార్నాక గుర్తుండే ఉంటుంది. మేముండేది మాణికేశ్వర్ నగర్‌లో; అన్నయ్య యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంట చేసేవాడు. నాకింకా పెళ్లి కాలేదు. వదినా నేనూ క్యాంపస్‌లోంచి నడిచి, తార్నాకలో ఒక మేడ మీద రిటైరైన నర్సొకామె నడిపే మాలిష్ బడికి పోయేవాళ్లం. ఎండాకాలం గుల్‌మొహర్ పూలు రాలినప్పుడు అంత అందమైన రోడ్డు హైదరాబాదులో మరొకటి లేదని నేనిప్పటికీ అంటాను, మా ఆయన ఒప్పుకోడు. వదిన వేళ్లలో ఏదో ఉండేది. గుండిగలు ఎత్తి ఎత్తి పట్టేసిన అన్నయ్య నడుము ఆమె చేతికే వదిలేది.

ఆ బడికి సర్కారు అనుమతి కోసం టీచరమ్మ దరఖాస్తు పెట్టింది. చూడటానికొచ్చిన అధికారులు గది ఇరుకన్నారు, శరీరం గురించి చెప్పడానికి డాక్టరుండాలన్నారు, ఆసుపత్రిలో కూడా నేర్పించాలన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే అవన్నీ న్యాయమైనవే. టీచరమ్మ మాత్రం "వస్తదమ్మా, ఇయ్యాల కాకుంటే రేపొస్తది" అంటూ బడి ముద్ర వేసిన సర్టిఫికెట్లు మా చేతుల్లో పెట్టింది. నేను ఒక ముసలావిడకు సేవ చేసే పనికి కుదిరాను. వదినకు ముషీరాబాద్‌లో ఆడవాళ్ల మసాజ్ సెంటర్‌లో పని దొరికింది.

ఆ సెంటర్ ఉన్న మేడ మీదే పక్క గదుల్లో వేరే వ్యవహారం నడుస్తున్నదని ఆమెకు తెలియదు. ఒక మధ్యాహ్నం పోలీసులొచ్చి అందరినీ జీపెక్కించారు. వదిన సర్టిఫికెట్ చూపిస్తే, గుర్తింపు లేని బడి కాగితం ఎందుకు పనికొస్తుందన్నారట. తప్పేమీ లేదని సాయంత్రానికి వదిలేశారు కానీ, తెల్లారి పేపర్లో ఫొటో పడింది. మిగతా ఆడవాళ్లంతా చున్నీలు, కొంగులు కప్పుకున్నారు. వదిన ముఖం ఒక్కటే తేటగా కనిపిస్తున్నది.

"మొఖమెందుకు కప్పుకోలే వదినా?" అని ఏడ్చాను.

"నేనేం తప్పు జేసిన పిల్లా, కప్పుకోనీకి?" అన్నది.

ఆ పేపరు బస్తీలో ఇంటింటికీ తిరిగింది. అన్నయ్య ఆమెను పల్లెత్తు మాట అనలేదు. మెస్సులోనే తినొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. నడుము పట్టేసినా చెప్పేవాడు కాదు. ఆ తర్వాత వదిన ఎవరి ఒంటి మీదా చెయ్యి వెయ్యలేదు. అమ్మ కాళ్లు గుంజుతున్నాయని మూలిగితే గడప దగ్గరే నిలబడి నన్ను కేకేసేది, చేతులు కొంగులో చుట్టుకుని. కొన్నేళ్లకు జ్వరమొచ్చి పోయింది.

ఆఖరి స్నానం నేనే చేయించాను. నూనె రాస్తుంటే భుజాలు రాయిలా తగిలాయి, ప్రాణం పోయినందుకో, అన్నాళ్లు బిగబట్టుకున్నందుకో తెలియలేదు. చుట్టూ ఆడవాళ్లు చూస్తుండగానే, టీచరమ్మ నేర్పినట్లు మెడ నుంచి కిందికి నెమ్మదిగా ఒత్తుతూ కూర్చున్నాను. ఎవరూ వద్దనలేదు. అన్నయ్య మాత్రం లేచి బయటికి పోయాడు. ఆ బిగువు నా బొటనవేళ్లను ఇప్పటికీ వదల్లేదు. కూరగాయలు తరుగుతున్నప్పుడో, మనవరాలికి జడ వేస్తున్నప్పుడో ఉన్నట్టుండి తగులుతుంది.

మా బడి ఉన్న మేడ ఏ సందులోదో కూడా ఇప్పుడు పోల్చుకోలేను. ఈ కాలం పిల్లలు చేరకముందే గుర్తింపు సంగతి అడుగుతారు, అడిగించుకున్నవాళ్లు కూడా తప్పుగా అనుకోరు. మాకు టీచరమ్మను అలా అడగవచ్చన్న ఆలోచనే రాలేదు. ఆమె మంచిది, మాకది చాలనుకున్నాం.