దానంతట అదే తిరిగే మోటారు

బాపట్లలో ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్నప్పుడు నాకు పొగరు కాస్త ఎక్కువే. ఎలక్ట్రికల్ క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే. మగపిల్లలు చాలామంది ప్రాజెక్టు పేరుతో పాత రిపోర్టుకు కొత్త అట్ట వేసి ఇస్తుంటే, నేను మాత్రం నిజంగా పనిచేసే వస్తువే చేసి చూపిస్తానని అందరి ముందూ అనేశాను.

అది ఎనభైల చివరి మాట. పెనుమూడిలో మా మావయ్యకు పొలంలో ఒక షెడ్డు, అందులో బెల్టుతో నీళ్ల పంపును తిప్పే కరెంటు మోటారు ఉండేవి. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడల్లా ఆయన గట్టు మీద పరుగెత్తుకెళ్లి స్టార్టరు నొక్కాలి. ఆ పరుగు తప్పించాలని, కరెంటు రాగానే మోటారును దానంతట అదే తిప్పే పెట్టె ఒకటి తయారుచేశాను. తెనాలిలో మోటార్లకు వైండింగ్ కట్టే ఒక సాయిబు గారి కొట్లో నాలుగు శనివారాలు కూర్చుని, వేళ్లు కాల్చుకుని మరీ చేశాను. ఆయన పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బానే ఉందమ్మాయీ. మరి ఆపేదెట్టా?"

"ఆగినదాన్ని నడపడానికే గదా బాబాయ్ ఇది!" అని నవ్వేశాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక పెట్టెను తీసుకెళ్లి షెడ్డు గోడకు బిగించాను. కరెంటు పోయింది, వచ్చింది, మోటారు తిరిగింది. దారిన పోయేవాళ్లను కూడా పిలిచి "మా మేనకోడలు చేసింది" అని మావయ్య చూపించాడు. నేను గాల్లో తేలుతూ బాపట్ల చేరాను.

గురువారం పొద్దున కాలేజీలో ప్రాజెక్టు చూసే సార్‌కు రిపోర్టు ఇచ్చాను. ఆయన పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆగారు.

"కరెంటు లేనప్పుడు మీ మావయ్య షెడ్డులో ఏం చేస్తుంటాడమ్మా?"

"బెల్టు సర్దుకుంటారండి. వదులైతే క్లిప్పులు బిగించి, చేత్తో చక్రం తిప్పుతూ మళ్లీ ఎక్కిస్తారు. మా వైపు అందరూ కరెంటు పోయినప్పుడే..."

అప్పుడు తట్టింది నాకు. మెయిన్ స్విచ్చు ఆపే అలవాటు మా వైపు ఎవరికీ లేదు. కరెంటు పోయిందంటే మోటారు చచ్చినట్టే. తిరిగి వచ్చినా, మనిషి వెళ్లి స్టార్టరు నొక్కితేగానీ కదలదు. ఆ ధీమాతోనే మావయ్య ఇన్నేళ్లూ బెల్టులో చేతులు పెట్టాడు. ఇప్పుడు నొక్కడానికి మనిషి అక్కర్లేదు. మెయిన్ ఆపి ముట్టుకోమని నేను ఆయనకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

సార్ ఇంకా ఏదో అంటూనే ఉన్నారు. రిపోర్టు అక్కడే వదిలేసి బస్టాండుకు పరుగెత్తాను.

మావయ్య ఇంట్లో ఫోను లేదు. రేపల్లె బస్సు కనపడిన ప్రతి ఊళ్లోనూ ఆగింది. చెరుకుపల్లిలో డ్రైవరు టీకి దిగితే ఆయన మీద అరిచాను. "ఏంటమ్మా, ఇంటికాడ ఎవరికన్నా బాలేదా?" అని కండక్టరు అడిగాడు. ప్రభువా, ఆయన చేతులు కాపాడు అని లోపల్లోపల గొణుక్కుంటూనే ఉన్నాను. ఆ ప్రార్థన మధ్యలోనే, జరగరానిది జరిగితే అమ్మ మొహం ఎలా చూడాలా అన్న ఆలోచన కూడా వచ్చింది. నా మీద నాకు అసహ్యం వేసింది.

రేపల్లెలో బస్సు మారి పెనుమూడిలో దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. సోడా కొట్లో ఫ్యాను ఆగి ఉంది. అంటే కరెంటు లేదు. చెప్పులు చేత పట్టుకుని గట్టు మీద పరుగెత్తాను.

షెడ్డులో మావయ్య తలుపు వైపు వీపు పెట్టి గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యి చక్రం మీద ఉంది. కుడిచేతి వేళ్లు బెల్టు కింద ఉన్నాయి. తలుపు పక్కనే ఉన్న మెయిన్ స్విచ్చు ఆపేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను.

టక్కుమన్న శబ్దానికి ఆయన తల తిప్పాడు. "నువ్వా అమ్మాయ్! ఇయ్యాల కాలేజీ లేదా?" అన్నాడు, చేతులు తియ్యకుండానే.

నేను ఇంకా రొప్పుతూనే ఉన్నాను. ఆయన మళ్లీ బెల్టు వైపు తిరిగాడు. రెండు నిమిషాలు కూడా అయ్యుండదు. కరెంటు వచ్చిందో లేదో తెలియడానికి మెయిన్ ఆపినా వెలిగేలా దానికి ముందునుంచే తీగ లాగి పెట్టుకున్న చిన్న బల్బు గోడ మీద వెలిగింది.

ఆయన వేళ్లు ఇంకా బెల్టు కిందే ఉన్నాయి.

మావయ్య బల్బు వంక చూశాడు. నా పెట్టె వంక చూశాడు. మోటారు కదల్లేదు. నా కోసం ఆయన మొహం చిన్నబోయింది.

"కరెంటొచ్చిందే. నీ పెట్టె పలకలేదేంటమ్మా?"

నేను భోరున ఏడ్చాను. ఆయన కంగారుగా లేచి, చేతులకంటిన గ్రీజు పంచెకు తుడుచుకుని, పది వేళ్లతో నా తల పట్టుకున్నాడు.

"దీనికే ఏడుస్తారటే పిచ్చిపిల్లా! పాడైతే మళ్లీ చేద్దువుగానిలే. మార్కులు తగ్గిస్తారని భయమా? కావాలంటే నేనొచ్చి చెబుతాలే మీ సార్‌కి, మొన్నటిదాకా బెమ్మాండంగా తిరిగిందని."

నేను మాత్రం ఆ స్విచ్చు ముందు నుంచి జరగలేదు.