నేల మీది ముక్క

నవాబుగారి దేవిడీ మహలు వాకిట్లో, నౌకర్లందరూ చూస్తుండగా, వాళ్ల మీద పెత్తనం చేసే దారోగా విఠల్‌రావు బాలనర్సింహను చెప్పుతో కొట్టాడు. ఆ ఉదయం వేటకుక్క ఒకటి గోడ పక్కన నురుగు కక్కి చచ్చిపోయింది. దాని మూతి దగ్గర సగం తిన్న మాంసం ముక్క. కుక్కల్ని సాకేది బాలనర్సింహ, మాంసం వేసేది బాలనర్సింహ; కాబట్టి విషం పెట్టిందీ బాలనర్సింహే. విచారణ అంతటితో ముగిసింది. పెద్దిళ్లలో న్యాయానికి అంతకంటే తీరిక దొరకదు.

చెప్పుదెబ్బను అతను ఎలాగో మింగాడు. మింగుడుపడనిది వేరే ఉంది. విషం తాను పెట్టలేదు గానీ, తినడం నేర్పింది తానే. కూర్చుంటే ముక్క, లేస్తే ముక్క, పిలిస్తే వస్తే ముక్క. మాంసం ఎవరి చేతిలో ఉంటే వాడే తనవాడని ఆ కుక్క నమ్మింది. గోడ అవతలి నుంచి ఎవడో విసిరిన ముక్కనూ అలాగే నమ్మింది.

గౌలిపురలో అక్క ఎల్లమ్మకు బర్రెలున్నాయి. బాలనర్సింహ దేవిడీ వదిలి ఆ కొట్టంలో చేరాడు. జాగీర్లు పోయాయి, దేవిడీలో గదులు అద్దెకు పోయాయి. అతను పాలు పిండుతూనే ఉన్నాడు. ఇక జన్మలో కుక్కను దగ్గరికి రానివ్వకూడదనుకున్నాడు. కానీ ఒక వానాకాలం నల్ల కూన ఒకటి బర్రెల మేత గాడి కింద దూరి, అక్కడే పెరిగి, బిజిలీ అయింది. పొద్దున బర్రెల్ని మూసీ ఒడ్డుకు తోలుకుపోవడం, వెనకబడ్డ దూడను మందలో కలపడం దానంతట అదే నేర్చుకుంది.

ఆ ఏడు మొఘల్‌పురాలో పిచ్చికుక్క ఒక పిల్లను కరిచింది. గల్లీల్లో డప్పు మోగింది. వచ్చే వారం నుంచి వీధుల్లో విషపు మందు కలిపిన మాంసం వేస్తారట, పెంచుకునేవాళ్లు కుక్కల్ని కట్టేసుకోవాలట. బాలనర్సింహ మోకాళ్ల మధ్య నుంచి పాల చెంబు జారి పేడలో పడింది.

కట్టేశాడు. బిజిలీ తాడు కొరికేసింది. అయినా ఎన్నాళ్లని కట్టేస్తాడు? కాకులు ఆ ముక్కల్ని ఎత్తుకొచ్చి వాకిళ్లలో పడేస్తాయి. నేల మీది ముక్కను ముట్టకుండా నేర్పడం ఒక్కటే దారి.

మంచి మాంసం తెచ్చి నేల మీద పెట్టి, తాడు పట్టుకుని "ఛోడ్" అనేవాడు, వదిలెయ్యమని. బిజిలీ ముఖం తిప్పుకుంటే పాలలో నానేసిన రొట్టె ఇచ్చాడు. రెండు రోజులకే భయం పట్టుకుంది. మళ్లీ తిండేనా? తన చేతిలో ఉండే తిండి ఇంకొకడి చేతిలోనూ ఉంటుంది.

రొట్టె మానేసి గోనెపట్టా పీలిక అందించాడు. చెరో కొసా పట్టి గుంజుకోవడమంటే బిజిలీకి పిచ్చి సంబరం. నాలుగు రోజులకు ఆ ఆటా మొహం మొత్తింది. తోక మొదలు దగ్గర గోకాడు. ముఖం తిప్పుకోగానే దూడల్ని విప్పి వదిలాడు, తోలుకో పొమ్మని. ఏటి ఒడ్డున నీళ్లు చల్లాడు. ఒకనాటిది మరునాడు ఇవ్వకుండా చూసుకున్నాడు. ఇవాళ ఏం దొరుకుతుందో తెలియక బిజిలీ ముక్కను వదిలి అతని ముఖంలోకి చూడసాగింది. అతనికి కావలసింది ఆ చూపే.

ఎల్లమ్మ పిడకలు కొడుతూ నవ్వింది. "ఏంది తమ్మీ, కుక్కకు దినానికో పండుగనా? మీ బావ ఉన్నన్నొద్దులు నాకు గిట్ల ఒక్కనాడన్న చేసిండా?"

అతను మరో ముక్క నేల మీద పెట్టాడు.

మందు వేసిన పొద్దున బర్రెలు గల్లీ మలుపు తిరిగేసరికి బిజిలీ ముందుంది. మురుగు మోరీ పక్కన ఎర్రటి ముక్క. దానికవతల కాళ్లు చాచి పడివున్న ఎవరిదో తెల్లకుక్క. బాలనర్సింహ నోట "ఛోడ్" ఇంకా రానేలేదు. బిజిలీ వాసన చూసింది. తోక ఆగిపోయింది. తర్వాత మెల్లగా తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

గోనెపట్టా ఇంట్లో ఉంది. ఏరు దూరం. చేతుల్లో ఏమీ లేదు. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ మూతి మళ్లీ కిందికి పోతుంది. బాలనర్సింహ ధోవతి ఎగ్గట్టి వెనక్కి తిరిగి పరుగందుకున్నాడు. నెరిసిన తలతో, బర్రెల మధ్య నుంచి, పడుతూ లేస్తూ. బిజిలీకి అంతకంటే పెద్ద ఆట ఇంకేముంది? మొరుగుతూ వెంటపడింది. పాలవాళ్లు క్యాన్లు దించి మరీ నవ్వారు.

కొట్టంలో దూరి తలుపు వేశాడు. బిజిలీ నోరు తెరిచి వేలు పెట్టి తడిమాడు, వాసన చూశాడు. ఏమీ లేదు. అయినా మధ్యాహ్నం దాకా దాని మూతినే చూస్తూ కూర్చున్నాడు, నురుగు వస్తుందేమోనని.

ఆ పరుగు కథ ఊళ్లో పాకి విఠల్‌రావు దాకా వెళ్లింది. దేవిడీ నౌకరీ పోయి, మొఘల్‌పురాలో అద్దె గదిలో ఉంటున్నాడు. పాల వంకతో కొట్టానికి వచ్చాడు. ఇద్దరూ కలవడం అదే ఆఖరు. కాసేపు బర్రెల ధరలు మాట్లాడి, తల దించుకుని అన్నాడు: "కుక్కకు విషం పెట్టింది నువ్వు కాదని నాకు అప్పుడే ఎరుక, నర్సింహా. నవాబు సాబ్‌కు ఎవర్నో ఒకర్ని చూపియ్యాలె గద."

అని జేబులోంచి బిస్కూటు తీసి, బిజిలీ ముందు పెట్టడానికి వంగాడు. బిజిలీ బిస్కూటును చూసి, బాలనర్సింహ ముఖంలోకి చూసింది. ఆ మాట విన్నందుకు రావలసిన కోపం బాలనర్సింహకు రాలేదు. అతను చెయ్యి చాచి బిజిలీ మూతిని తన వైపు తిప్పుకున్నాడు.

"బిస్కూటు జేబుల పెట్టుకో, రావుసాబ్" అన్నాడు. "అది ముట్టదని నాకెరుకే. గని నాకింకా భయమైతనే ఉంటది."